కాలుతున్న గడ్డి, దొరకని మేత: మేకల లెక్క వేరు

అక్టోబర్ నెలాఖరు వచ్చిందంటే ఢిల్లీ పొగ వార్తల్లోకి వస్తుంది. పంజాబ్, హర్యానా పొలాల్లో వరికోతల తర్వాత మంటలు, ఉపగ్రహ చిత్రాల్లో ఎర్రచుక్కలు, కోర్టుల చీవాట్లు, రైతులపై జరిమానాలు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆ జరిమానాలను రెట్టింపు చేసింది. రెండెకరాల లోపు రైతుకు 5 వేలు, రెండు నుంచి ఐదెకరాల వారికి 10 వేలు, అంతకు మించితే 30 వేల రూపాయలు. సరిగ్గా ఈ రోజుల్లోనే ఏటా ఒక ప్రశ్న వినిపిస్తుంది. ఒక పక్క పశుగ్రాసానికి కొరత అంటున్నారు, మరో పక్క కోట్ల టన్నుల గడ్డి కాల్చేస్తున్నారు. ఆ గడ్డినే శుద్ధి చేసి పశువులకు, అందులోనూ పేదల ఆస్తి అయిన మేకలకు, ఎందుకు పెట్టకూడదు?

ప్రశ్నలో తప్పేమీ లేదు. దేశంలో ఏటా దాదాపు 50 కోట్ల టన్నుల పంట వ్యర్థాలు వస్తాయని అంచనా. ఒక్క పంజాబ్‌లోనే వరిగడ్డి రెండు కోట్ల టన్నుల దాకా ఉంటుంది. ఝాన్సీలోని భారత పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ తన ‘విజన్ 2050’ పత్రంలో పచ్చిమేతలో 35.6 శాతం, ఎండుమేతలో 10.95 శాతం, దాణాలో 44 శాతం లోటు ఉందని లెక్కగట్టింది. మిగులును లోటు దగ్గరికి చేరిస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ ఈ ఆలోచనంతా ఆవును, గేదెను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. అదే కొలతను తగ్గించి మేకకు అంటగడుతున్నారు. మేక చిన్న సైజు ఆవు కాదు. దాని నోరు వేరు, పొట్ట వేరు, యజమాని వేరు. ముఖ్యంగా యజమాని వేరు అన్న సంగతి మన మేత పథకాలు రాసేవారికి ఇప్పటికీ సరిగా పట్టలేదు.

2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.88 కోట్లు. 2012తో పోలిస్తే పది శాతం పెరిగాయి. రాజస్థాన్‌లో రెండు కోట్లకు పైగా, పశ్చిమ బెంగాల్‌లో కోటీ 63 లక్షలు, ఉత్తరప్రదేశ్‌లో కోటీ 45 లక్షలు, బిహార్‌లో కోటీ 28 లక్షలు. మన రెండు తెలుగు రాష్ట్రాలు గొర్రెలకు పేరు పొందినవే అయినా, ఇక్కడా కలిపి కోటికి పైగా మేకలున్నాయి. గొర్రెల మందలో పదో ఇరవయ్యో మేకలు కలిసి తిరగడం మనకు అలవాటైన దృశ్యమే. మేకలు పెరుగుతున్నాయి, అవి తిరిగే నేల తగ్గుతోంది. అసలు సమస్య ఇక్కడ మొదలవుతుంది.

యూరియా గడ్డి కథ

గడ్డిని రసాయనంతో మెత్తబరచి పశువుకు పెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మేత కరువులో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ బెక్‌మన్ గడ్డిని కాస్టిక్ సోడాలో నానబెట్టే పద్ధతిని రూపొందించాడు. కాస్టిక్ సోడా ఖరీదు, ప్రమాదం రెండూ ఎక్కువ కాబట్టి 1970ల తర్వాత ఆసియా దేశాలు యూరియా వైపు మళ్లాయి. మన పశుసంవర్ధక శాఖ కరపత్రాల్లో దీన్నే ‘వరిగడ్డిని సుపోషకం చేయడం’ అంటారు.

పద్ధతి తేలికే. వంద కిలోల ఎండు వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్లకు అటూఇటూ నీళ్లు. గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ ఈ నీళ్లు చల్లి, బాగా తొక్కి, గాలి చొరబడకుండా టార్పాలిన్‌తో కప్పి మూడు వారాలు ఉంచాలి. యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది. గడ్డిలో పీచును లిగ్నిన్ అనే గట్టి పదార్థం పట్టి ఉంచుతుంది కదా, ఆ పట్టును అమ్మోనియా వదులు చేస్తుంది. పీచు ఉబ్బుతుంది, పొట్టలోని సూక్ష్మజీవులు దాని మీద పనిచేయడానికి చోటు దొరుకుతుంది. అమ్మోనియాలోని నత్రజని కొంత గడ్డికే అంటిపెట్టుకుంటుంది. దాంతో మూడు, నాలుగు శాతం ఉండే ముడి మాంసకృత్తులు ఏడెనిమిది శాతానికి చేరతాయి. కుప్ప విప్పాక గంటల తరబడి ఆరబెట్టి, ఘాటు పోయాకే పశువు ముందు వేయాలి.

ప్రయోగశాలలో ఇది పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. మరి పల్లెల్లో ఎందుకు నిలబడలేదు? భారత వ్యవసాయ పరిశోధన మండలి, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కలిసి 1980ల నడుమ నుంచి దాదాపు పదేళ్లు దేశంలోని పలు కేంద్రాల్లో పంట వ్యర్థాల మేతపై ఉమ్మడిగా పనిచేశారు. కిరణ్ సింగ్, షీరే సంపాదకత్వంలో 1993, 1995లలో వచ్చిన వారి సంకలనాలు ఈ విషయంలో ఇప్పటికీ చదవదగ్గవి. అవి చెప్పేదాని సారం ఇది. గడ్డి దండిగా, చవకగా ఉండాలి. పచ్చిమేత ఉండకూడదు. నీళ్లు, మనుషులు అందుబాటులో ఉండాలి. పశువు ఒక మోస్తరు పాలిచ్చేదై ఉండాలి. దాణా ఖరీదైనదై ఉండాలి. ఇవన్నీ ఒకేచోట కుదిరినప్పుడే యూరియా గడ్డి గిట్టుబాటు అవుతుంది. రోజుకు లీటరు పాలిచ్చే ఆవు కోసం ఎవరూ మూడు వారాలు కుప్ప కాయరు. ఎక్కువ పాలిచ్చే ఆవుకు ఆ గడ్డి చాలదు, దాణా పెట్టక తప్పదు. మధ్యలో మిగిలిన ఇరుకు సందులోనే ఈ పద్ధతికి చోటుంది.

దీనికి ఇప్పుడు మరో అడ్డంకి తోడైంది. వేపపూత యూరియా 45 కిలోల బస్తా సబ్సిడీ ధర సుమారు 266 రూపాయలు. అంటే వంద కిలోల గడ్డికి యూరియా ఖర్చు పాతిక రూపాయలు మించదు. కాగితం మీద ఇంతకంటే చవకైన పోషణ లేదు. కానీ 2025 వానాకాలంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులు ఆ బస్తా కోసం తెల్లవారుజాము నుంచి సొసైటీల ముందు బారులు తీరారు. చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి తమ వంతు కోసం ఎదురుచూశారు. పైరుకే దొరకని యూరియాను గడ్డి మీద చల్లమని చెప్పే ధైర్యం ఏ పశువైద్యుడికి ఉంటుంది? పైగా సబ్సిడీ యూరియా ప్లైవుడ్, రెసిన్, పశుదాణా పరిశ్రమలకు దారి మళ్లుతోందని కేంద్రం కొన్నేళ్లుగా తనిఖీలు చేయిస్తోంది. ఇంట్లో పశువు కోసం నాలుగు కిలోలు వాడుకునే రైతును ఎవరూ పట్టుకోరు, నిజమే. కానీ దీన్నే వ్యాపార స్థాయిలో ఒక పరిశ్రమగా పెంచుదామంటే ఆ సబ్సిడీ ధర లెక్క కుప్పకూలుతుంది.

ఇదంతా ఆవు, గేదె సంగతి. మేక దగ్గరికి వస్తే ఈ లెక్క ఇంకా తారుమారవుతుంది.

మేక ఏరుకుని తింటుంది

మేకను కాసేపు గమనించిన ఎవరికైనా ఇది తెలుసు. ముందు కాళ్లు చెట్టుకు ఆనించి లేచి, లేత చిగురు, ఆకు, కాయ ఏరుకుంటుంది. పై పెదవిని వేళ్లలా కదిలించి ముళ్ల మధ్య నుంచి ఆకును లాగుతుంది. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి కోసుకుంటుంది, ఏది పడితే అది కడుపులో నింపుకుంటుంది, పడుకుని గంటల కొద్దీ నెమరేస్తుంది. మేక పొట్ట శరీరంతో పోల్చినా అంత పెద్ద గిడ్డంగి కాదు. అందులో మేత ఎక్కువసేపు నిలవదు. ముతక పీచును నెమ్మదిగా అరిగించుకునే తీరిక దానికి లేదు. ఆ లోటును అది ఎంపికతో పూడ్చుకుంటుంది. మంచిది ఏరుకుని తినడం మేకకు బతుకుతెరువు. మనం దాన్ని అల్లరి అంటాం.

అలాంటి జీవి ముందు వరిగడ్డి వేస్తే ఏమవుతుంది? వరిగడ్డిలో సిలికా ఎక్కువ, తరచుగా పది శాతం దాటుతుంది. ఆక్సలేట్లు కాల్షియంను పట్టేస్తాయి. పంజాబ్ రైతు సైతం తన గేదెకు గోధుమ గడ్డి ‘తూడీ’ పెడతాడు, వరిలో బాస్మతి గడ్డి మాత్రం కొంత వాడతాడు, మిగతా వరిగడ్డిని మేతగా లెక్కచేయడు. మేక దాన్ని మూతితో కెలికి, ఆకు తొడిమెలు నాలుగు ఏరుకుని మిగతాది తొక్కేస్తుంది. ఒకసారి తొక్కినదాన్ని, తడిసినదాన్ని, ముక్క వాసన వచ్చినదాన్ని మళ్లీ ముట్టదు. అమ్మోనియా ఘాటు సరిగా పోని కుప్పలోది అసలే ముట్టదు. కొలత తప్పి యూరియా ఎక్కువ పడిందా, పాతిక కిలోల జీవి మీద దాని ప్రభావం వేగంగా ఉంటుంది. పొలం గట్టున యూరియా కలిపిన నీళ్లు తాగి మందలు చచ్చిపోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ చూస్తూనే ఉంటాం. ఇక నెమరు ఇంకా సరిగా మొదలవని పిల్లలకు యూరియా ఏ రూపంలోనూ పెట్టకూడదు. మందలో తల్లులకు ఒక మేత, పిల్లలకు ఒక మేత విడివిడిగా పెట్టే ఏర్పాటు ఎంతమంది ఇళ్లలో ఉంటుంది?

మేకలు శుద్ధి చేసిన గడ్డి తినవని కాదు. చిన్న ముక్కలుగా నరికి, బెల్లపు మడ్డి, తవుడు, కాస్త చెక్క కలిపి అలవాటు చేస్తే తింటాయని ప్రయోగాల్లో చాలాసార్లు రుజువైంది. మథుర దగ్గర మఖ్దూమ్‌లో ఉన్న కేంద్రీయ మేకల పరిశోధన సంస్థ గడ్డి, దాణా కలిపి అచ్చుపోసిన గుళికలతో మేకల్ని పెంచి చూపించింది. గుళికలో మేకకు ఏరుకునే వీలుండదు, అదే దాని కిటుకు. కాకపోతే ఆ గుళిక ధర, దాన్ని తయారుచేసే యంత్రం ధర చూశాక, నాలుగు మేకలున్న ఇల్లాలికి అది ఎంత దూరమో అర్థమవుతుంది.

మేకకు నిజంగా పనికొచ్చే పంట వ్యర్థాలు వేరే ఉన్నాయి. వేరుశనగ కట్టె, కంది పొట్టు, పెసర, మినుము, అలసంద కట్టె, శనగ పొట్టు. ఇవన్నీ పప్పుజాతి. వీటిలో ఆకు ఉంటుంది, మేకకు కావలసింది అదే. బాగా ఆరబెట్టిన వేరుశనగ కట్టెలో ముడి మాంసకృత్తులు ఎనిమిది నుంచి పన్నెండు శాతం దాకా ఉంటాయి. పొట్టలోని సూక్ష్మజీవులు సరిగా పనిచేయడానికి మేతలో కనీసం ఏడు శాతం కావాలంటారు. అంటే మూడు వారాలు యూరియాలో మాగబెట్టి వరిగడ్డిని ఏ మెట్టు ఎక్కిస్తామో, వేరుశనగ కట్టె పుట్టుకతోనే ఆ మెట్టు మీద ఉంది. దీనికి కావలసిన ‘శుద్ధి’ చాలా చిన్నది. ఆకు రాలకముందే పోగేయడం, వానకు తడవకుండా వాము వేయడం, ముక్కలుగా నరకడం, నేల మీద కాకుండా తొట్టిలో పెట్టడం. అంతే.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. తడిసి బూజుపట్టిన కట్టెలో అఫ్లాటాక్సిన్ చేరుతుంది. చినుకుల్లో పీకిన పంట కట్టెను కుప్పేసి, నెల తర్వాత నల్లబడిన అడుగు భాగాన్ని మేకలకు వేయడం కరువు రోజుల్లో చూస్తుంటాం. అది మేత కాదు, విషం. అలాగే పత్తి చేను. 2006లో వరంగల్ జిల్లాలో పత్తి తీసేసిన చేలలో మేసిన గొర్రెలు పెద్దసంఖ్యలో చనిపోయాయని కాపరులు ఫిర్యాదు చేశారు. బీటీ జన్యువే కారణమని కొందరు, పురుగుమందులూ నైట్రేట్లూ కారణమని మరికొందరు వాదించారు. కేంద్ర నియంత్రణ సంస్థ బీటీకి సంబంధం లేదంది. ఆ వివాదం ఏమైనా, పది పన్నెండుసార్లు మందు కొట్టిన పంట మోడును ‘ప్రత్యామ్నాయ మేత’ జాబితాలో చేర్చేముందు అందులో ఏం మిగిలి ఉందో పరీక్షించి చూడాలన్నది మాత్రం ఆ ఘటన నేర్పింది.

లెక్క ఒకసారి చూద్దాం. పాతిక కిలోల మేక రోజుకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఎండు పదార్థం తింటుంది. వేసవిలో బయట సగమే దొరుకుతుందనుకుంటే, మిగతా సగానికి రోజుకు అర కిలో కట్టె కావాలి. పది మేకలకు, మార్చి నుంచి జూన్ దాకా 120 రోజులకు, ఆరు క్వింటాళ్లు. ఒక మోస్తరు ఏడాదిలో ఎకరా వర్షాధార వేరుశనగలో ఇంచుమించు అంత కట్టె వస్తుంది. ఒక ఎకరం, పది మేకలు, నాలుగు నెలలు. ఇంతకంటే చిన్న సమస్య మన వ్యవసాయంలో ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది. అయినా ఏటా వేసవిలో మేకలు చిక్కి, ఈనిన మేక దగ్గర పాలు లేక పిల్లలు చస్తున్నాయి. ఎందుకంటే ఆ ఎకరం మేకలున్న మనిషిది కాదు.

గడ్డి ఎవరిది?

దేశంలో మేకలు ఎక్కువగా భూమిలేనివారి దగ్గర, రెండెకరాల లోపు ఉన్నవారి దగ్గర ఉన్నాయి. ఇంటి దగ్గర వాటిని చూసేది ఎక్కువగా ఆడవాళ్లు. పంట వ్యర్థాలు భూమి ఉన్నవారివి. పాత రోజుల్లో ఈ ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉండేది. కోతలయ్యాక చేను అందరి మందలకూ తెరిచి ఉండేది. కాపరి రాత్రిపూట రైతు పొలంలో మంద కట్టేవాడు, ఎరువు పడేది. అందుకు రైతే కాపరికి తిండిగింజలో డబ్బో ఇచ్చేవాడు. మోడు, రాలిన కాయ, గట్టు మీది గడ్డి మేకలకు దక్కేది. ఎవరూ దాన్ని ‘మేత పథకం’ అనలేదు, కానీ అది మేత పథకమే.

ఆ ఏర్పాటు ఇప్పుడు చాలా చోట్ల తెగిపోయింది. కోత యంత్రం వరిగడ్డిని చిన్నాభిన్నం చేసి పొలంలో పారేస్తుంది. బేలర్ దాన్ని చుట్టలు కట్టి లారీకెక్కిస్తుంది, పాడి రైతులకు అమ్ముడుపోతుంది. రెండో పంటకు తొందర ఉన్నచోట నిప్పు, లేదంటే రోటవేటర్. గట్ల మీద కలుపుమందు. మెట్టపొలాల్లో తోటలు, వాటి చుట్టూ కంచెలు. అడవిలో మేకకు ఎప్పుడూ స్వాగతం లేదు. ఇక వేరుశనగ కట్టె, కంది పొట్టు లాంటి మంచి మేతకు ధర ఉంది. పాడి పశువులున్నవాడు ట్రాక్టర్ లెక్కన కొనేస్తాడు. మేకలున్న ఆమె చేతిలో ఆ రోజు అంత డబ్బు ఉండదు, కొన్నా నిల్వ చేసే చోటు ఉండదు. కాబట్టి ‘మేత లేదు’ అనడం కన్నా, మేతకు చేరే దారి మూసుకుపోయింది అనడం సరైన మాట.

పొరుగున బంగ్లాదేశ్‌ను చూస్తే ఇంకో కోణం కనిపిస్తుంది. సావర్‌లోని ఆ దేశ పశు పరిశోధన సంస్థ వంద పాళ్లలో 82 పాళ్లు గడ్డి, 15 పాళ్లు బెల్లపు మడ్డి, 3 పాళ్లు యూరియా కలిపే పద్ధతిని ప్రచారం చేసింది. మాగబెట్టడం అక్కర్లేదు, కలిపి వెంటనే పెట్టొచ్చు. 2014 తర్వాత భారత సరిహద్దు నుంచి ఆవుల అక్రమ రవాణాకు అడ్డుకట్ట పడటంతో, బక్రీద్ కోసం పశువుల్ని సొంతంగా బలిపించే కుటీర వ్యాపారం ఆ దేశంలో పెరిగింది. మన దగ్గర పాడి ఆవు విషయంలో నిలబడని పద్ధతికి అక్కడ మార్కెట్ ఒక ఆసరా ఇచ్చింది. అమ్మకం తేదీ ముందే తెలుసు, మూడు నాలుగు నెలల్లో పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. అదే బంగ్లాదేశ్‌లో బ్లాక్ బెంగాల్ మేకలు మాత్రం చాలావరకు ఇంటి చుట్టూ, రోడ్డు పక్కన, కాలువ గట్ల మీద ఏరుకునే తింటున్నాయి. గడ్డిని శుద్ధి చేసే పద్ధతి దేశంలో ఉన్నంత మాత్రాన అది మేకల దాకా రాలేదు.

తేదీ తెలిసిన అమ్మకం మన దగ్గరా ఉంది. బక్రీద్ ముందు హైదరాబాద్‌కు వచ్చే పోతుల లారీలు, దసరా, జాతరల గిరాకీ అందరికీ తెలిసినవే. పోతుల్ని ఆఖరి మూడు నెలలు కట్టేసి, పప్పుజాతి పొట్టుకు కాస్త దాణా జోడించి బలిపిస్తే వచ్చే అదనపు బరువు ఖర్చును పూడ్చే వీలుంది. మందంతటికీ ఏడాది పొడవునా శుద్ధి చేసిన మేత పెట్టాలన్న ఆశ కన్నా, అమ్మబోయే పోతులకు, చూలు చివరి నెలలో, పాలిచ్చే తొలి నెలల్లో ఉన్న మేకలకు మాత్రమే పెట్టడం తెలివైన పని.

గడ్డిని శుద్ధి చేయడం కన్నా దానికి తోడుగా కాస్త మాంసకృత్తులు జోడించడం తరచుగా చవక అన్నది ఈ రంగంలో పాత మాటే. ఇప్పుడు దానికి కొత్త అర్థం వచ్చింది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ లక్ష్యం కోసం దేశంలో బియ్యం, మొక్కజొన్న పెద్దయెత్తున డిస్టిలరీలకు వెళుతున్నాయి. పిండి పదార్థం ఇథనాల్‌గా పోగా మిగిలే ఎండు పిప్పి, డీడీజీఎస్, దాణా మార్కెట్‌ను ముంచెత్తింది. మొక్కజొన్న పిప్పిలో మాంసకృత్తులు 26 నుంచి 30 శాతం, బియ్యం పిప్పిలో 40 శాతానికి పైగా. దాని దెబ్బకు సోయా చెక్క ధర పడిపోయిందని 2024-25లో నూనె మిల్లులు మొత్తుకున్నాయి. ఇదీ పంట ఉపఉత్పత్తే. పిడికెడు పిప్పి, కాస్త ఉప్పు, ఖనిజ లవణాలు కలిస్తే శనగ పొట్టు లాంటి ఒక మోస్తరు మేత మేకకు సరిపడా మేత అవుతుంది. అయితే ఆహార గింజల్ని ఇంధనానికి మళ్లించడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మేకల వరకు చూస్తే ఒక ప్రమాదం గుర్తుంచుకోవాలి. గింజలో ఉన్న బూజు విషం పిప్పిలోకి వచ్చేసరికి దాదాపు మూడింతలు చిక్కబడుతుంది. పరీక్షించని చవకరకం సరుకు ఎవరికి చేరుతుందో ఊహించడం కష్టం కాదు. పెద్ద పౌల్ట్రీ కంపెనీకి ప్రయోగశాల ఉంది, నాలుగు మేకలున్న మనిషికి లేదు.

డబ్బు ఎటు పోతోంది?

2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. 2019 పశుగణనలో రాష్ట్రం గొర్రెల సంఖ్యలో దేశంలోకెల్లా మొదటి స్థానంలో నిలిచింది, తర్వాత ఆ పంపిణీలో అక్రమాలపై కేసులు, దర్యాప్తులు నడిచాయి. ఆ చర్చలో ఎంత కమీషన్ పోయింది, ఎన్ని జీవాలు కాగితం మీదే తిరిగాయి అన్న ప్రశ్నలు వచ్చాయి. ఇన్ని లక్షల జీవాలు ఏం తింటాయి అన్న ప్రశ్న అంత గట్టిగా రాలేదు. జీవాన్ని ఇవ్వడానికి ఫొటో దిగొచ్చు, మేతకు ఫొటో ఉండదు.

కేంద్రం 2021-22లో మార్చిన జాతీయ పశుధన మిషన్‌లో మేతకూ చోటుంది. సైలేజ్, గడ్డి బ్లాకులు, సంపూర్ణ మిశ్రమ దాణా యూనిట్లకు 50 శాతం మూలధన సబ్సిడీ, గరిష్ఠంగా 50 లక్షల రూపాయలు. అదే మిషన్ కింద గొర్రెలు, మేకల పెంపక కేంద్రాలకూ సాయం ఉంది, అది వంద ఆడ జీవాలు, ఐదు పోతుల నుంచి మొదలై ఐదొందల దాకా వెళుతుంది. బ్యాంకు రుణం తెచ్చుకోగలిగినవాడు, స్థలం చూపించగలిగినవాడు దీనికి అర్హుడు. నాలుగు మేకల మనిషి ఈ పథకం వాకిట్లోకి కూడా రాలేడు. యాభై లక్షల యూనిట్ తయారుచేసే బ్లాకును కొనేది పాడి రైతే, మేకలవాడు కాదు. వ్యవస్థాపకుల్ని ప్రోత్సహించవద్దని నేననను. కానీ దేశంలోని మేకల్లో అత్యధిక భాగం ఉన్నచోట ఒక్క రూపాయి పడకుండా ఇది మేకల మేత విధానం అనిపించుకోదు.

ఇంకా తక్కువ ఖర్చుతో అయ్యే పనులున్నాయి. విత్తనంతోనే మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్ జొన్న చొప్ప వ్యాపారుల దగ్గర అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. జీర్ణమయ్యే గుణంలో ఐదు పాయింట్ల తేడా ఉన్న చొప్పల మధ్య ధరలో పాతిక శాతం దాకా తేడా ఉందని అది తేల్చింది. వ్యాపారికి ప్రయోగశాల లేదు, అయినా ఏ చొప్ప మంచిదో అతని చేతికి తెలుసు. యూరియా శుద్ధితో సాధారణంగా వచ్చే మెరుగుదల పది పాయింట్ల లోపే. అందులో సగం రకం ఎంపికతోనే వస్తుందంటే, రైతు అదనంగా చేయాల్సిన చాకిరీ ఏమీ లేదు. అనంతపురంలో ఇక్రిశాట్ వేరుశనగ రకం ఐసీజీవీ 91114 రైతులకు నచ్చడానికి ఉన్న కారణాల్లో కాయతో పాటు కట్టె కూడా ఒకటి. ఇన్నేళ్లయినా మన దేశంలో కొత్త రకాన్ని విడుదల చేసేటప్పుడు గింజ దిగుబడికి ఇచ్చే ప్రాధాన్యంలో పావు వంతు కూడా కట్టె నాణ్యతకు ఇవ్వడం లేదు.

రెండోది, మేతను చేరవేసే పని. వేరుశనగ, కంది, శనగ పండే మండలాల్లో మహిళా సంఘాలు కోతల రోజుల్లోనే కట్టెనూ పొట్టునూ కొని, నరికి, సంచుల్లో నింపి వేసవిలో సభ్యులకు అమ్మగలవు. దీనికి కావలసింది ఒక చాఫ్ కట్టర్, ఒక రేకుల షెడ్డు, మూడు నాలుగు నెలల పెట్టుబడి. స్త్రీనిధి లాంటి రుణ వ్యవస్థ మనకు ఇప్పటికే ఉంది. ధాన్యం కొనుగోలు కేంద్రాల్ని నడిపిన సంఘాలకు పొట్టు కొనడం పెద్ద విద్య కాదు. కష్టమల్లా ఒక్కటే, అంగట్లో పాడి రైతులతో పోటీపడి కొనాలి. తొలి రెండేళ్లు ఆ ధర తేడాను భరించే సబ్సిడీ కావాలి. పదుల వేల జీవాల పంపిణీకి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చిన్నదే.

మూడోది పంజాబ్ గడ్డి. దాన్ని మేకల మెడకు చుట్టొద్దు. దానికి బేలర్లు, విద్యుత్ కేంద్రాలు, బయోగ్యాస్, పొలంలోనే కలిపేసే హ్యాపీ సీడర్లు, అన్నింటికంటే ముందు వరి విస్తీర్ణం తగ్గించడం లాంటి దారులున్నాయి. అక్కడి నుంచి గడ్డిని రాజస్థాన్ ఎడారికి, బుందేల్‌ఖండ్‌కు రైల్లో చేర్చితే కరువు ఏడాది ఆవుల ప్రాణం నిలుస్తుంది, అది మంచిదే. ఆ రైలు దించిన గడ్డిని అదే ఊళ్లోని మేక మూతితో కెలికి, తల తిప్పుకుని, గట్టు మీది రేగు కంప వైపు నడుస్తుంది. ఆ కంప ఉన్న బంజరు ఏటా ఎన్ని ఎకరాలు సోలార్ పార్కులకూ, వెంచర్లకూ పోతోందో 21వ పశుగణనలో ఉండదు. 2024 అక్టోబర్‌లో మొదలైన ఆ గణన తొలిసారి సంచార పశుపాలకుల వివరాలు కూడా సేకరించింది. మందలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నాయో అందులో కొంత తెలుస్తుంది. దారిలో ఏ నెలలో, ఏ పంట మోడు మీద అవి ఆగేవి, ఇప్పుడు ఎందుకు ఆగడం లేదు అన్న పట్టిక ప్రతి జిల్లాకూ తయారుచేస్తే, ఎక్కడ పొట్టు కొనాలో, ఎక్కడ షెడ్డు కట్టాలో ఆ పట్టికే చెబుతుంది.